ఇరవై నాలుగు గంటల దుమ్ము

"నేను ఆయన్ని తోయలేదు సార్. తిట్టాను. తిట్టి వచ్చేశాను."

ఆమె ఆ మాట అనడం ఇది నాలుగోసారి. ఇన్‌స్పెక్టర్ నాలుగోసారి కూడా అదే వాక్యం రాసుకుని పెన్ను బల్ల మీద పెట్టాడు. సోమవారం, ఉదయం పదకొండు. సాయంత్రం నాలుగింటికి ఈమెని హత్య కేసులో కోర్టులో నిలబెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు ఇంకెవరైనా వేసి ఉంటే ఇన్‌స్పెక్టర్‌కి ఇంత ఒళ్లు మండేది కాదు.

పోయినవాడు ఆమె భర్త. గాలిలో దుమ్ము ఎంతుందో కొలిచే ఆఫీసులో పదకొండేళ్లుగా ఉద్యోగం. ఆ వీధిలో అందరూ అతన్ని గాలాయన అనేవాళ్లు. ఆఫీసుది నాలుగంతస్తుల భవనం, డాబా మీద దుమ్ము పట్టే యంత్రం. నిన్న ఆదివారం పదకొండింటికి భవనం వెనక సందులో శవమై కనిపించాడు. డాబా మీద పిట్టగోడ మోకాలెత్తే ఉంది. ఎనిమిదిన్నరకీ పదిన్నరకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. అంతకన్నా కచ్చితంగా చెప్పమంటే తల అడ్డంగా ఊపాడు.

"మళ్లీ మొదటినుంచి చెప్పమ్మా. ఎన్నింటికి వెళ్లావు?"

"తొమ్మిదింటికి."

"దిగింది?"

"తొమ్మిదీ ఇరవైకి. గేటు దగ్గర వాచ్‌మన్ చూశాడు. తొమ్మిదీ ముప్పై ఐదుకి బస్సెక్కాను, టికెట్టు మీ దగ్గరే ఉంది. పదీ పావుకల్లా మా చెల్లెలింట్లో ఉన్నాను."

అన్నీ సరిపోయాయి. టికెట్టు మీద టైముంది, వాచ్‌మన్ గడియారం చూసే చెప్పాడు. చెల్లెలూ మరిదీ వేరువేరుగా అడిగినా ఒకే మాట చెప్పారు.

"ఆదివారం పూట భర్త పనిచేసే చోటికి ఎందుకెళ్లావు?"

"చూడ్డానికి."

"ఏం చూడ్డానికి?"

"ఆవిడ కూడా వచ్చిందేమోనని."

ఆవిడంటే ఆఫీసులో ఫిల్టర్ కాగితాలు తూకం వేసే మనిషి. అందరూ తూకం మేడం అంటారు. వయసు నలభై దాటింది, పెళ్లి చేసుకోలేదు. పనిలో మహా గట్టిదని పేరు.

"నాతో రోజుకి పది మాటలు మాట్లాడడు సార్ ఆయన," అంది ఆమె. "వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. అదే ఆవిడతో ఫోన్లో అయితే గంటసేపు. ఏం మాట్లాడతాడో తలుపు వెనక నిలబడి విన్నాను కూడా. ప్రేమ మాటలైతే నాలుగు తన్ని ఊరుకునేదాన్ని. అన్నీ మిల్లీగ్రాములు! ఇవాళ ఇంత పట్టింది, నిన్నటికన్నా ఇంత ఎక్కువ... అంత ముచ్చటగా నా గురించి ఒక్కనాడూ మాట్లాడలేదు. సాయంత్రం గుమ్మంలోనే చొక్కా విప్పించి దులిపేదాన్ని. కాలరు చూసేదాన్ని, జేబులు చూసేదాన్ని. ఒక్కనాడు ఒక్క వెంట్రుక దొరకలేదు. దుమ్మే. దొరక్కపోతే ఇంకా మంట."

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వు రాలేదు. ఆ మంట ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.

పన్నెండేళ్లు ట్రాఫిక్ కూడలిలో నిలబడ్డాడాయన. బస్సుల పొగంతా ముందు ఆయన ఛాతీలోకి వెళ్లి, మిగిలింది ఊరికి వెళ్లేది. ఇప్పుడు రెండంతస్తులు ఎక్కితే చాలు గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. జేబులో పీల్చే మందు లేనిదే గడప దాటడు. మూడేళ్ల కిందట ప్రమోషన్ పరీక్షలో రాత పేపర్లన్నిట్లో ఫస్టు వచ్చి, పరుగులో సగం దూరం కూడా వెళ్లలేక చతికిలబడ్డాడు. పక్క లైనులో జింకలా దూసుకుపోయినవాడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు. ఒకప్పుడు ఒరేయ్ అని పిలిచినవాణ్ణి ఇప్పుడు సార్ అనాల్సి వస్తోంది. మనసులో మాత్రం నీటుగాడనే పిలుస్తాడు. ఇస్త్రీ నలగదు, చెమట పట్టదు, ఊపిరి తన్నదు. వాడి ఉద్యోగం చూసి కాదు, వాడి ఊపిరి చూసి ఇన్‌స్పెక్టర్‌కి కడుపు రగిలిపోయేది. దానికి తోడు ఇంట్లో ఆయన భార్య కూడా, "ఆ అబ్బాయి ఎంత చలాకీగా ఉంటాడండీ!" అని పుండు మీద కారం చల్లుతుంటుంది.

తలుపు తోసుకుని నీటుగాడే వచ్చాడు.

"ఏమైనా ఒప్పుకుందా గురువుగారూ?"

"ఒప్పుకోవడానికి ఏమీ చేయలేదు సార్." ఆ సార్ అనే ముక్క ఎప్పటిలాగే గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

"గొడవ పడ్డానని తనే చెప్పింది. డాబా మీద వాళ్లిద్దరే ఉన్నారు. అసూయ. ఇంతకన్నా ఏం కావాలి?"

"అసూయపడ్డవాళ్లంతా హత్యలు చేస్తే ఊళ్లో సగం మంది జైల్లో ఉండాలి. మొదట నేనుంటాను," అందామనుకున్నాడు. మొదటి వాక్యం వరకే అన్నాడు.

"నాలుగు దాకా కేసు మీదే. వదిలేసినా, పంపినా సంతకం మీది, జవాబుదారీ మీది," అని నీటుగాడు వెళ్లిపోయాడు. ఆ మర్యాదే ఇన్‌స్పెక్టర్ భరించలేకపోయాడు.

పన్నెండూ పావుకి ఇన్‌స్పెక్టర్ ఆ భవనం దగ్గర జీపు దిగాడు. లిఫ్టు లేదు. ప్రతి అంతస్తులో ఆగి, గోడ మీద అంటించిన నోటీసులు చదువుతున్నట్టు నటించి, పక్కనున్న వాచ్‌మన్ కంటపడకుండా రెండుసార్లు మందు పీల్చాడు.

"పదిన్నర లోపే కరెంటు పోయింది సార్," వాచ్‌మన్ తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "చాలాసేపు రాలేదు. ఫ్యూజు ఎగిరిందేమోనని వెనక్కి వెళ్లి చూద్దును కదా, సందులో ఈయన. అప్పుడు పదకొండు."

"మధ్యలో పైకి ఎవరైనా వచ్చారా?"

"నేను కుర్చీ వదలలేదు సార్. కాకపోతే వెనక గోడ పక్కనుంచి కంకర యార్డు వాళ్లు దూకినా నాకు కనబడదు."

ఇన్‌స్పెక్టర్ చెవులు అక్కడ నిక్కపొడుచుకున్నాయి. కరెంటు సంగతి ఆ చెవుల్లోంచే జారిపోయింది.

తూకం మేడం డాబా మీద ఎదురుచూస్తోంది. తెల్ల కోటు వేసుకుంది. కళ్లు వాచి ఉన్నా గొంతు మాత్రం నిలకడగా ఉంది. యంత్రం నడుం ఎత్తున ఉంది, పైన చూరులాంటి రేకు మూత. మూత మీద రేకు ఎండకి, దుమ్ముకి గరుకెక్కిపోయి వేలిముద్రలేవీ దొరకలేదని నిన్ననే తేల్చారు.

"ఇది గాలిని లోపలికి పీలుస్తుంది సార్," అంది ఆవిడ. "గాలి పోతుంది, దుమ్ము కాగితం మీద ఆగిపోతుంది. ఇరవై నాలుగు గంటలకి ఒక కాగితం. సరిగ్గా పదింటికి పాతది తీసి, మడిచి కవర్లో పెట్టి, కొత్తది పరిచి ఈ పచ్చ బటన్ నొక్కాలి. అప్పుడు మీటరు సున్నా నుంచి మొదలవుతుంది."

"పది కంటే ముందు ఎప్పుడైనా మార్చేవాడా?"

"ఆయనా?" ఆవిడకి నవ్వబోయి ఏడుపొచ్చింది. "కాగితం చేత్తో పట్టుకుని గడియారం ముల్లు కదిలేదాకా నిలబడేవాడు. మా ఆఫీసులో, ఆయనింట్లో, ఈ సంగతి తెలియనివాళ్లు లేరు."

ఆవిడ కోటు జేబులోంచి రెండు ప్లాస్టిక్ కవర్లు తీసింది. ఒకదాంట్లో కొత్త కాగితం, తెల్లగా. రెండోదాంట్లో పోయిన వారం తూకమైపోయినది. మధ్యలో పలకంత మేర కాటుక పులిమినట్టుంది.

"ఇది ఈ వీధి ఒక్కరోజు పీల్చింది సార్. ఎదురుగా ఉన్న బడి పిల్లలూ ఇదే పీలుస్తారు. దీంట్లో కంటికి కనిపించనంత సన్నదే చెడ్డది. అది ముక్కులో ఆగదు, దగ్గితే రాదు. తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కి వెళ్లి కూర్చుంటుంది."

ఇన్‌స్పెక్టర్ ఆ నల్లమచ్చ వంక చూశాడు. ఒక్కరోజుది ఇంత. పన్నెండేళ్లకి ఎన్ని కాగితాలవుతాయో లెక్క కడదామనుకుని మానేశాడు. తన ఛాతీ విప్పి చూపిస్తే ఇలాగే ఉంటుందని తెలిసినా, చూడటం అదే మొదటిసారి. ఆయనకి నీటుగాడి మీద కొత్తగా మండుకొచ్చింది.

"మరి ఈ కంకర యార్డు?"

"వాళ్ల వల్లే మా అంకెలు పెరిగాయి. అంకెలు ఇలాగే ఉంటే యార్డు మూయిస్తారు. పోయిన వారం ఓనరు వచ్చి, నీ మీటరు సంగతి చూస్తానని ఆయన మీద అరిచి వెళ్లాడు."

ఇన్‌స్పెక్టర్ వంగి మీటరు చూశాడు. మూడు గంటల సున్నా నిమిషాల దగ్గర ఆగి ఉంది.

"దీన్ని ఎవరు ఆపారు?"

"నిన్న మధ్యాహ్నం మీ ఆఫీసర్ గారు. సరిగ్గా ఒంటిగంటకి ఆపి, ఆ అంకె పంచనామాలో రాసి సంతకం పెట్టారు. యంత్రంలో కొత్త కాగితం ఉంది. పాతది పక్కన కవర్లో దొరికింది."

ఒంటిగంటలోంచి మూడు తీసేస్తే పది. పదింటికి పాత కాగితం తీసి కొత్తది పెట్టి బటన్ నొక్కారు. గాలాయన పదింటికి బతికే ఉన్నాడు. తొమ్మిదీ ఇరవైకే గేటు దాటిన ఆయన భార్య పదింటికి బస్సులో ఉంది! తర్వాత వెనక గోడ దూకి ఎవరో వచ్చారు. నీటుగాడు స్వయంగా సంతకం పెట్టిన అంకే నీటుగాడి కేసుని కూల్చేసింది. ఇన్‌స్పెక్టర్‌కి ఎన్నాళ్లకో ఊపిరి హాయిగా ఆడినట్టనిపించింది.

మెట్ల మీద టకటకమని అడుగులు. నాలుగంతస్తులు ఒక్క ఉరుకున ఎక్కి నీటుగాడు డాబా మీదకొచ్చాడు. ఆయాసంతో నోరైనా తెరుచుకోలేదు.

"రండి సార్, మీ కోసమే చూస్తున్నాను," అని ఇన్‌స్పెక్టర్ మీటరు చూపించి లెక్క చెప్పాడు. ఒక్కో అంకెనీ ఊరించి ఊరించి చెప్పాడు.

నీటుగాడు కూడా వంగి మీటరు చూశాడు. తర్వాత, "మార్చింది ఆయనే అని ఏంటి నమ్మకం?" అన్నాడు.

"ఇంకెవరు మారుస్తారు? యార్డు ఓనరు తోసేసి, పోతూ పోతూ కాగితం మార్చి వెళ్లాడా? అతనికేం పని?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. మేడం, పాత కాగితం తూచారా?"

"లేదు సార్. వాడిన కాగితం తూకం గదిలో ఇరవై నాలుగు గంటలు ఆరాలి. చెమ్మ ఉంటే బరువు తప్పు చూపిస్తుంది. నిన్న రెండింటికి నా చేతికొచ్చింది. ఇవాళ రెండింటికి ముందు నేను తూచను."

"గురువుగారూ, రెండు దాకా ఆగుదాం. తూకం రానివ్వండి."

అడిగిన పద్ధతి బాగానే ఉంది. ఇంకెవరు అడిగినా ఇన్‌స్పెక్టర్ ఆగేవాడే.

"చచ్చినవాడు దుమ్ము ఎంత పట్టాడో తెలిస్తే హంతకుడు దొరుకుతాడా సార్? మీరు తప్పని ఒప్పుకోవడానికి ఇంకో గంట కావాలి, అంతేగా? ఆ గంట సేపు ఒక అమాయకురాలు లాకప్పులో కూర్చోవాలా?"

"నేను తప్పైతే ఒప్పుకుంటాను. మీ దగ్గర నేర్చుకున్నది అదే కదా."

"నా దగ్గర చాలా నేర్చుకున్నారు. పరుగు ఒక్కటే నేర్పలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. నోరు జారిన సంగతి తెలుస్తూనే ఉంది. తూకం మేడం తల దించుకుంది. నీటుగాడి మొహం ఎర్రబడింది.

ఒకటీ నలభైకి ఇన్‌స్పెక్టర్ స్టేషన్లో విడుదల కాగితం మీద సంతకం పెట్టాడు. అంత పెద్ద సంతకం ఆయన పెళ్లి రిజిస్టర్లో కూడా పెట్టలేదు. రేపటి పేపర్లో యార్డు ఓనర్ ఫొటో, పక్కన తన ఫొటో. ఆ ఫొటో చూసి ఇంట్లో ఆవిడ ఏమంటుందో కూడా ఊహించుకున్నాడు.

ఆమె చేతులు జోడించింది. "మీరొక్కరే నా మాట నమ్మారు సార్."

"నీ బాధ నాకు తెలుసమ్మా," అన్నాడు మనస్ఫూర్తిగా.

"ఆయన గొడుగు, టిఫిన్ బాక్సు, చలికోటు ఆఫీసులోనే ఉండిపోయాయి. తెచ్చుకోనా?"

"దానికేం భాగ్యం!" అని ఇన్‌స్పెక్టర్ సామాను ఇచ్చేయమని చీటీ రాశాడు.

"ఆవిడ ఉంటుందా అక్కడ?"

"ఉంటుంది. రెండింటికి తూకం ఉందట." ఆమె మొహం చూసి జాలేసింది. "ఆవిడ వంక చూడకు. సామాను తీసుకుని వచ్చెయ్."

ఆమెని అక్కడ దింపి రమ్మని తన జీపే ఇచ్చి పంపాడు. జీపు తిరిగొచ్చాక అదే ఎక్కి, యార్డుకి వెళ్లే ముందు తూకం సంగతి కూడా తెలుసుకుని నీటుగాడి మొహాన కొడదామని భవనం దగ్గరికి వెళ్లాడు. నీటుగాడు అప్పటికే గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడుతున్నాడు. రెండూ ఇరవై ఐదు అయింది. తూకం గది దాకా మళ్లీ నాలుగంతస్తులు ఎక్కి ఆయాసపడటం అతని ఎదుట ఇష్టంలేక, వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని తూకం మేడంకి ఫోన్ చేశాడు.

"రెండుసార్లు తూచాను సార్," అంది ఆవిడ. గొంతులో నిలకడ పోయింది. "ఊళ్లో మాకున్న రెండో యంత్రంలో అదే రోజు పట్టిన దాంట్లో సగం కూడా లేదు. తక్కెడ తప్పేమో అనుకున్నాను. కాగితం పైకెత్తి చూస్తే, మీకు ఇందాక చూపించానే, అలా సమంగా లేదు. చారలు చారలుగా రాలిపోయి ఉంది. ఎవరో దులిపారు."

"దులపడమేంటి?"

"బట్టలు మడతపెట్టే ముందు విదిలిస్తాం కదా, అలాగ. విదిలించి, అంచుకి అంచు కలిపి, చక్కగా మడిచి కవర్లో పెట్టారు. ఆయన చచ్చినా ఆ పని..." అని ఆగిపోయింది. "ఆ దుమ్ము కోసమే కదా సార్ మా ఉద్యోగాలు. ఒక్క నలుసు రాలితే అన్నం మానేసేవాడు. ఇది ఆయన తీసిన కాగితం కాదు."

పక్కనే నీటుగాడు వాచ్‌మన్‌ని అడుగుతున్నాడు: "కరెంటు సరిగ్గా ఎప్పుడు పోయింది?"

"పదీ ఇరవైకి పోయి పదకొండూ ఐదుకి వచ్చింది సార్. ఇందాక ఈ సార్‌కి కూడా చెప్పాను."

"మేడం," ఇన్‌స్పెక్టర్ ఫోన్లో అడిగాడు. "కరెంటు పోతే మీ మీటరు?"

"ఆగిపోతుంది. మోటారు తిరిగినంతసేపే లెక్క. కరెంటు రాగానే దానంతటదే మళ్లీ మొదలవుతుంది."

నలభై ఐదు నిమిషాలు. పదింటిలోంచి నలభై ఐదు తీసేస్తే తొమ్మిదీ పావు. ఆమె గేటు దాటడానికి ఐదు నిమిషాల ముందు ఎవరో పచ్చ బటన్ నొక్కారు. పదింటికి గాని కాగితం మారదని తెలిసిన మనిషి, చచ్చినవాణ్ణి పది దాకా బతికించడానికి కాగితం మార్చింది. తీసిన కాగితాన్ని రోజూ చొక్కా దులిపినట్టే దులిపింది. ఇంకో గంట ఆగి ఉంటే ఇదంతా తెలిసేది. ఆ గంట ఎందుకు ఆగలేకపోయాడో ఆయనకి బాగా తెలుసు.

"మేడం, మీరు గదిలో ఒక్కరే ఉన్నారా?"

"లేదు సార్, ఆయన భార్య వచ్చింది, మీ చీటీ తీసుకుని. తూకం ఎలా వేస్తారో చూస్తానంది పాపం. లోపలే కూర్చోబెట్టాను."

"ఆమెని బయటికి పంపండి. వెంటనే తలుపు తీయండి!"

"గడియ వేసి ఉంది సార్, తూచేటప్పుడు గాలి ఆడకూడదు కదా..." ఆవిడ గొంతు దూరమైంది. ఎవరితోనో, "అదేంటమ్మా, తలుపుకి అడ్డంగా నిలబడ్డావు?" అంటోంది. ఫోన్ కట్టయింది.

ఇన్‌స్పెక్టర్ లేచి మెట్ల మీదకి ఉరికాడు. పన్నెండో మెట్టు దగ్గర ఛాతీ బిగుసుకుపోయింది. కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్!" అన్నాడు. మూడేళ్ల తర్వాత ఆ పిలుపు దానంతటదే వచ్చేసింది. "తూకం గదిరా! ఆమె లోపలుంది, నేనే పంపాను. నావల్ల కాదు, నువ్వు పరుగెత్తు!"

నీటుగాడు ఎందుకని అడగలేదు. ఆయన్ని దాటుకుని రెండేసి మెట్లు ఒక అంగలో ఎక్కేశాడు. ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని ఆ అడుగుల చప్పుడు విన్నాడు. వాడి ఊపిరి ఇంకాస్త గట్టిదైతే బాగుండునని మొక్కుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. రెండో అంతస్తు, మూడో అంతస్తు. నాలుగో అంతస్తులో తలుపు మీద భుజం పడింది. ఇంకోసారి పడింది. తలుపు విరగలేదు.

అప్పుడు వెనక సందులో కిటికీ అద్దం భళ్లున పగిలి పడింది, దాని వెనకే, అటు పరుగెత్తిన వాచ్‌మన్ "అయ్యో, మేడం!" అని పెట్టిన కేక వినిపించింది.